ఎనభై బొమ్మల వరస

ఆస్పత్రి కాగితాల్లో ఆమె స్పీచ్ థెరపిస్టు. న్యూరో వార్డులో మాత్రం ఆయా దగ్గర్నుంచి పెద్ద సర్జన్ దాకా అందరికీ మాటల మేడమే. మెదడులో మాటలుండే చోటుని ఆనుకుని గడ్డ పెరిగినవాళ్ళకి పూర్తిగా మత్తిచ్చి ఆపరేషన్ చేస్తే, గడ్డతో పాటు మాట కూడా పోయిందో లేదో మనిషి లేచేదాకా తెలియదు. అందుకని మధ్యలో లేపుతారు. పుర్రె తెరిచే ఉంటుంది, మనిషి మెలకువగా ఉంటాడు. మెదడుకి నొప్పి తెలియదు కాబట్టి సరిపోయింది. ఆమె ఎదురుగా కూచుని ఒక్కో బొమ్మా చూపిస్తుంది, అతను పేరు చెబుతాడు. తప్పు చెబితే "ఆపండి" అంటుంది. సర్జన్ చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కత్తి ఆయనది, కళ్ళెం ఆమెది. పదకొండేళ్ళలో ఆ కళ్ళెం ఒక్కసారీ చెయ్యి జారలేదని ఆమెకి లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది. మనిషి గర్వపడ్డ చోటే కాలు జారుతుంది.

ఈసారి బల్ల ఎక్కబోయేవాడు డ్రైవింగ్ మాస్టారు. యాభై రెండేళ్ళవాడు, అందులో ఇరవై ఆరేళ్ళు కారులో ఎడమవైపు సీట్లోనే గడిపినవాడు. మొదటిరోజు ఆమె గదిలోకి వస్తూనే, "ఊళ్ళో సగం మందికి నేను డ్రైవింగ్ నేర్పాను మేడమ్. మిగిలిన సగం మందికి పక్కకి దూకడం నేర్పింది వాళ్ళే," అన్నాడు. నోట్లో నాలుక ఒక్క నిమిషం ఖాళీగా ఉండని మనిషి. తన దగ్గర చేరిన ప్రతివాళ్ళ చేతా మొదటి వారం బండి కదలనివ్వకుండా, "అద్దం, బెల్టు, క్లచ్చు, గేరు, హ్యాండ్ బ్రేకు" అని ఎక్కాల్లా బట్టీ పట్టించేవాడు. నిద్రలో లేపి అడిగినా వరస తప్పకూడదనేవాడు.

జబ్బు బయటపడింది కూడా ఆ కారులోనే. ఎదురుగా దుకాణం షట్టరు కనిపిస్తుంటే, నేర్చుకుంటున్న ఆవిడతో "బ్రేకు" అనబోయి "యాక్సిలరేటర్" అన్నాడు. ఆవిడ బుద్ధిమంతురాలు, చెప్పినట్టే చేసింది. షట్టరు లోపలికి పోయింది. చుట్టూ చేరినవాళ్ళంతా ఆవిడనే ఆడిపోసుకుంటుంటే, తన నోటి నుంచి వచ్చిన మాటేమిటో తెలిసినవాడు మాత్రం చెమటలు కక్కుతూ సీట్లోనే ఉండిపోయాడు. ఆ తర్వాత నెల తిరక్కుండా ఒక మూర్ఛ, ఆ వెనకే స్కానింగు. ఎడమవైపు గడ్డ. నెమ్మదిగా పెరిగేదే కానీ పూర్తిగా వదిలే రకం కాదు. ఎంత ఎక్కువ తీస్తే అన్ని ఎక్కువ ఏళ్ళు. గొడవల్లా అది మాటల పక్కన తిష్ట వేయడమే.

ఆ ఆస్పత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆపరేషన్‌కి ముందు మాటల మేడమ్ రోగిని ఒంటరిగా కూచోబెట్టి ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఏది పోయినా సర్దుకోగలరు, ఏది పోతే సర్దుకోలేరు? ఇంట్లోవాళ్ళుంటే మనిషి నిజం చెప్పడని వాళ్ళని బయటికి పంపిస్తుంది. జవాబుని రోగి మాటల్లోనే పసుపు కాగితం మీద రాసి, ఆపరేషన్ గది గోడకి అంటిస్తుంది. కొందరు కుడిచెయ్యి అంటారు. ఒకాయన మనవరాలి మొహం గుర్తుపట్టగలిగితే చాలన్నాడు. డ్రైవింగ్ మాస్టారు ఆ రోజు మొదటిసారి జోకు వేయకుండా చాలాసేపు కూచున్నాడు.

"రాసుకోండి మేడమ్. మాట పోయాక మిగిలే బతుకు నాకొద్దు. రెండేళ్ళు తక్కువైనా పర్లేదు, అన్నాళ్ళూ మాట్లాడుతూ ఉండాలి. మూగగా మంచం మీద కూచుని ఒకరి మొహం చూస్తూ బతకలేను," అన్నాడు. ఆమె అక్షరం పొల్లుపోకుండా రాసింది. సంతకం పెట్టి, "ఇది మా ఆవిడకి చూపించకండి," అన్నాడు.

ఆ ఆవిడ జిరాక్స్ షాపు నడుపుతుంది. పిల్లలు లేని ఇల్లు, ఇద్దరే మనుషులు. ఆవిడ చేతిలో పడ్డ కాగితం నకలు లేకుండా బయటికి పోదు. స్కానింగు రిపోర్టులకి మూడేసి కాపీలు, మూడు రంగుల ఫైళ్ళు. తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. మొదటిసారి బొమ్మల పరీక్ష పెట్టిన రోజు మొగుడి పక్కనే, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూచుంది. ఎనభై బొమ్మల్లో మాస్టారు పద్నాలుగింటికి తడుముకున్నాడు. కత్తెర చూసి "అదే, కోసేది" అన్నాడు. దువ్వెన చూసి తల గీరుకున్నాడు. అప్పుడే మాటల మేడమ్ వాళ్ళిద్దరికీ విషయం విడమరిచి చెప్పింది.

"లోపల కూడా ఇవే బొమ్మలు చూపిస్తాను. మీరు సరిగ్గా చెబుతున్నంతసేపూ సర్జన్ గారు తీస్తూనే ఉంటారు. తప్పొస్తే ఆపేస్తారు."

"ఒక్క తప్పొచ్చినా ఆపేస్తారా?" అని అడిగింది ఆవిడ.

"రెండోసారి చూపిస్తాం. అప్పుడూ రాకపోతే ఆపేస్తారు."

"అప్పుడు మిగిలిన గడ్డ?"

"అలాగే వదిలేస్తాం అమ్మా."

ఆవిడ ఒళ్ళోని ఫోను చేతిలోకి తీసుకుంది.

వాపు తగ్గడానికి పది రోజులు మాత్రలు వాడించారు. ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష. ఈసారి ఎనభైకి ఎనభై. ఎక్కడా తడుముకోవడం లేదు. బొమ్మ బల్ల మీద ఆనీ ఆనకముందే "ఇది గొడుగు, ఇది ఏనుగు, ఇది కత్తెర" అని గడగడా చెప్పేశాడు. సర్జన్ సంబరపడిపోయాడు. "మాత్రలు బాగా పనిచేశాయమ్మా. రేపు కాస్త ధైర్యంగా తీయొచ్చు," అన్నాడు. వాపు తగ్గితే మాట మెరుగుపడటం ఆమె ఎన్నోసార్లు చూసింది కాబట్టి తనూ సంతోషించింది. బొమ్మ పూర్తిగా తిప్పకముందే పేరు వచ్చేస్తోందని ఒక్కక్షణం అనిపించకపోలేదు. మనిషి హుషారులో ఉన్నాడులే అనుకుంది.

బొమ్మల వరస ఆమె ఎప్పుడూ మార్చేది కాదు. టిక్కులు పెట్టే కాగితం అదే వరసలో అచ్చయి ఉండేది. ఆపరేషన్ గదిలో ఒక కన్ను రోగి పెదాల మీద, ఒక చెవి సర్జన్ గొంతు మీద పెట్టి, ఏ బొమ్మ ఎన్నో నంబరో వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? అలా పదకొండేళ్ళుగా గొడుగు మొదటిది, గుడిసె ఎనభయ్యోది.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది బయట నడవాలో మాస్టారి భార్య ఆమెకి ఎదురొచ్చింది. "మేడమ్, ఆయన చిన్న చిన్న తప్పులు చెప్పినా మీరు చూసీ చూడనట్టు పోనివ్వండి," అంది.

"అలా కుదరదమ్మా. ఆయన మాట కోసమే కదా నేను లోపల కూచునేది."

"మీరు మాట కోసం కూచుంటారు. మనిషి కోసం ఎవరు కూచుంటారు?"

నర్సు పిలుస్తోంది. మాటల మేడమ్ ఆవిడ భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది.

లోపల ఆకుపచ్చ గుడ్డలతో చిన్న గుడారంలా కట్టారు. గుడారానికి అవతల సర్జన్, తెరిచిన పుర్రె, దీపాలు. ఇవతల మాస్టారి మొహం, దానికి రెండడుగుల దూరంలో ఆమె. మత్తు డాక్టరు మందు తగ్గించాడు. మాస్టారు కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు తీసుకుని, "సీటు బెల్టు పెట్టుకున్నారా మేడమ్?" అన్నాడు. మత్తు డాక్టరు కూడా నవ్వాడు.

సర్జన్ ముందు కరెంటు పుల్లతో మెదడు మీద అక్కడక్కడా తాకి, మాట ఆగిన చోటల్లా చిన్న కాగితం ముక్క పెట్టి గుర్తు పెట్టుకున్నాడు. ఆ తర్వాత తీయడం మొదలైంది. ఆమె మొదటి బొమ్మ ఎత్తింది.

"ఇది గొడుగు."

"ఇది ఏనుగు."

"ఇది కత్తెర."

ప్రతి బొమ్మకీ ముందు 'ఇది' అనాలి. 'ఇది' వచ్చి పేరు రాకపోతే నోరు బాగానే ఉంది, మాట దొరకడం లేదని అర్థం. మాస్టారికి రెండూ వస్తున్నాయి. మధ్యమధ్య సర్జన్ గొంతు వినిపిస్తోంది. "ఎలా ఉంది?" "బాగుంది సార్." పది బొమ్మలు, ఇరవై, ముప్పై. గడ్డని పీల్చే సక్షన్ గొట్టం బుడబుడమంటోంది. "ఇంకొంచెం లోపలికి వెళ్తున్నాను. ఎలా ఉంది?" "బాగుంది సార్." ఈయన ఇంత బాగా చెప్పడం చూస్తే గడ్డ మొత్తం వచ్చేసేలా ఉందని ఆమెకి ఆశ పుట్టింది. మాస్టారి మొహంలో మాత్రం నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కళ్ళు బొమ్మ మీద ఉన్నా లేనట్టున్నాయి. అలసటే అనుకుంది.

నలభై ఆరు, గంట. "ఇది గంట." తర్వాతి బొమ్మ ఎత్తింది. తాళం.

"ఇది నిచ్చెన."

ఆమె నియమం ప్రకారం అదే బొమ్మని దించి మళ్ళీ ఎత్తింది.

"ఇది తాళం."

"ఏమ్మా?" అన్నాడు సర్జన్.

"ఒకటి తడబడ్డారు సార్. సర్దుకున్నారు."

ఊపిరి పీల్చుకుని టిక్కు పెట్టబోయి కాగితం వైపు చూసింది. నలభై ఏడు, నిచ్చెన. నలభై ఎనిమిది, తాళం. నిచ్చెన తను చూపించనే లేదు. చెమ్మకి రెండు అట్టలు అతుక్కుని కలిసే లేచాయి. చూపించని నిచ్చెన ఈయన నోట్లోకి ఎక్కణ్ణించి వచ్చింది?

మాట పూర్తిగా పడిపోయినవాళ్ళు కూడా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. ఎక్కాలు అప్పజెబుతారు. మంచినీళ్ళు అడగలేని మనిషి బూతులు మాత్రం శుభ్రంగా తిడతాడు. బట్టీ పట్టిన మాటలకి మెదడులో వేరే దారి ఉంటుంది. ఈ సంగతి ఏడాదికోసారి నర్సులకి పాఠం చెప్పేది తనే.

తర్వాతి బొమ్మ ఎత్తలేదు. కట్ట మధ్యలోంచి చేతికొచ్చింది లాగి చూపించింది. కుర్చీ.

"ఇది చేప."

కట్ట అడుగునుంచి లాగింది. గుడిసె.

"ఇది పడవ," అన్నాడు మాస్టారు, ఏ తడబాటూ లేకుండా, అదే లయలో.

"ఆపండి సార్. ఆపండి."

బుడబుడ శబ్దం ఆగిపోయింది.

"ఇప్పటిదాకా బాగుందన్నావు కదమ్మా?"

"బొమ్మలు చూసి చెప్పడం లేదు సార్. వరస బట్టీ పట్టారు. వరస అప్పజెబుతున్నారు."

"ఎప్పట్నుంచి?"

"తెలియదు సార్."

పదకొండేళ్ళలో ఆ గదిలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. సర్జన్ తిట్టినా బాగుండేది. ఆయన చల్లటి సెలైన్ పోయమని నర్సుకి చెప్పి, "కదిలించినందుకు కాసేపు మొద్దుబారి ఉండొచ్చు. అది కాకపోతే తెగే ఉండొచ్చు. అడుగుతూ ఉండు. నేను ముట్టుకోను," అన్నాడు.

ఆమె బొమ్మల కట్టని కింద పడేసి జేబులో పెన్ను తీసింది. "మాస్టారూ, ఇదేమిటి?"

"ఇది..." అన్నాడు. "ఇది..." నోరు తెరుచుకుంది, మూసుకుంది. ఇంతసేపూ తనని మోసుకొచ్చిన వరస ఇక్కడ లేదు. తనకి మాట రావడం లేదని మాస్టారికి అప్పుడు తెలిసింది. కళ్ళల్లోకి భయం ఎలా వస్తుందో రెండడుగుల దూరం నుంచి చూడటం కంటే పెద్ద శిక్ష లేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "తొందర లేదు. నేనెక్కడికీ పోను," అంది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో పెదాలు కదిలాయి కానీ గాలే వచ్చింది. మూడో నిమిషంలో మత్తు డాక్టరు గోడ గడియారం చూడటం మానేశాడు.

"రా..." అన్నాడు మాస్టారు. "రాసేది." ఇంకాసేపటికి, చెమటలు కారుతుంటే, "పె... పెన్ను."

ఆమెకి ఏడుపొచ్చింది. వాచీ చూపించింది. చాలాసేపటికి "టైము" అన్నాడు. తన కళ్ళజోడు తీసి చూపించింది. దానికి మాత్రం రాలేదు.

"వస్తున్నాయి సార్. అన్నీ కాదు. కొన్ని."

"చింతగింజంత మిగిలింది," అన్నాడు సర్జన్. "సరిగ్గా అక్కడే ఉంది. వదిలేస్తే మళ్ళీ త్వరగానే పెరుగుతుంది. తీస్తే, ఇప్పుడొచ్చిన పెన్ను కూడా ఉంటుందో ఉండదో. నువ్వేమంటావు?"

గోడ మీద పసుపు కాగితం ఉంది. దాని మీద తన చేతిరాతలో ఆయన మాటలున్నాయి. బయట నడవాలో ఒక ఆడమనిషి మూడు రంగుల ఫైళ్ళతో కూచుని ఉంది. మనిషి కోసం ఎవరు కూచుంటారని పొద్దున తనని అడిగింది. ఆ చింతగింజ ఎన్నేళ్ళో ఎవరికీ తెలియదు, ఎన్ని మాటలో కూడా తెలియదు.

"ఆపేద్దాం సార్," అంది.

ఆమె గౌను కూడా విప్పకుండా బయటికి వచ్చేసరికి మాస్టారి భార్య లేచి నిలబడింది. "అన్నీ సరిగ్గా చెప్పారా?" అని అడిగింది ముందు.

"అన్నీ సరిగ్గా చెప్పారు. బొమ్మ చూడకుండానే చెప్పారు. మీరు నేర్పారా?"

ఆవిడ బొంకలేదు. చేతిసంచీలోంచి కట్ట తీసింది. మొదటి పరీక్ష రోజు ఫోనులో తీసిన ఫొటోలని అచ్చు వేసి, లామినేట్ చేసి, అంచులు నున్నగా కత్తిరించి, వెనక నంబర్లు వేసిన ఎనభై అట్టలు. ఆస్పత్రివాటి కంటే అవే బాగున్నాయి.

"మీరే కదా అన్నారు, తప్పొస్తే ఆపేస్తారని," అంది. "పదిరోజులు పొద్దునా సాయంత్రం కూచోబెట్టి చెప్పించాను. ఆయనకేం తెలియదు. పరీక్ష, మార్కులు రావాలన్నాను. మాట పోతే పోనీ అనుకున్నాను మేడమ్. ఇద్దరి మాటా నేనే మాట్లాడతాను. మనిషి ఉంటే చాలు."

"ఆయనకి చాలునో లేదో అడిగారా?"

"మీరడిగారుగా గదిలో, నన్ను బయటికి పంపించి. నాకు చెప్పారా?"

మాటల మేడమ్‌కి ముందు ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆ కోపం ఎవరి మీద నిలబెట్టాలో తెలియలేదు. ఈవిడ కట్ట తయారు చేసింది నిజమే. పదకొండేళ్ళుగా వరస కూడా మార్చకుండా పరీక్ష పెట్టింది ఎవరు? పేకాట ఆడేవాడు కూడా ముక్కలు కలుపుతాడు. ఎనభైకి ఎనభై వచ్చిన రోజు మాత్రల్ని మెచ్చుకుని ఇంటికి పోయింది ఎవరు? ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పింది. చింతగింజంత మిగిలిందని, కొన్ని మాటలు వచ్చాయని, కొన్ని వస్తాయో రావో తెలియదని. ఆవిడ అట్టల కట్టని మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది. ఆ మధ్యాహ్నమే మాటల మేడమ్ తన తప్పుతో సహా రిపోర్టు రాసి సర్జన్ బల్ల మీద పెట్టింది.

మూడో రోజున కొత్తగా కలిపిన కట్టతో వార్డుకి వెళ్ళింది. మాస్టారు తలకి కట్టుతో దిండుకి ఆనుకుని ఉన్నాడు. భార్య మంచానికి అయిదడుగుల దూరంలో, కిటికీ దగ్గర నిలబడి ఉంది. మూడు రోజులుగా అన్నం తినిపిస్తోంది, మందులేస్తోంది, పక్క సర్దుతోంది. పని అవగానే మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళిపోతోందని నర్సు చెప్పింది. మొహంలోకి చూడటం లేదట.

మొదటి అట్ట ఎత్తబోతే మాస్టారు చేత్తో వద్దన్నాడు. ఏదో చెప్పాలని ఉంది. ఆమె అట్టలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆయన ఒక్కో మాట కోసం, చీకటి గదిలో గోడ తడుముకుంటూ స్విచ్చి వెతుక్కునేవాడిలా వెతుక్కుంటున్నాడు.

"నాకు... తెలుసు."

"ఏం తెలుసు మాస్టారూ?"

"ఎందుకు... నేర్పిందో." చేత్తో కిటికీ వైపు చూపించాడు. "మార్కులు... అంది. కాదు. తెలుసు."

కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి కదల్లేదు.

"తెలిసే నేర్చుకున్నారా?" అంది మాటల మేడమ్. "మరి నాతో కాగితం మీద రాయించింది? మాట లేని బతుకు వద్దన్నారు కదా?"

"అదీ... నిజం," అన్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాడు. "ఇదీ... నిజం. ఇంట్లో... ఒక్కతే. ఎలా... ఉంటుంది?"

అంతే చెప్పగలిగాడు. తను గోడకి అంటించిన పసుపు కాగితం ఈ మనిషిలో సగమేనని, మిగతా సగాన్ని తనే తలుపు బయటికి పంపేసిందని మాటల మేడమ్‌కి అర్థమైంది. ఏళ్ళ తరబడి అందరినీ అలాగే సగం సగం రాసుకుందేమోనని భయమేసింది.

అప్పుడే సర్జన్ రౌండ్స్‌కి వచ్చాడు. ఆయన ఏ సంగతీ చుట్టూ తిప్పి చెప్పే మనిషి కాదు. మంచం అంచున నిలబడి, "మిగిలిన ముక్క గురించి చెప్పాలి," అన్నాడు. "గాయం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఈ వారంలో మళ్ళీ తెరవొచ్చు. అది కూడా తీస్తే కొన్నేళ్ళు కలిసొస్తాయి, ఎన్నని చెప్పలేను. కానీ ఈ మూడు రోజుల్లో వచ్చిన మాట కూడా పోవచ్చు. పోయే అవకాశమే ఎక్కువ. వద్దంటే రేడియేషను, మందులు. మూడు నెలలకోసారి స్కానింగు. నిర్ణయం మీది. సాయంత్రంలోగా చెబితే చాలు."

మాస్టారు సర్జన్ వైపు చూడలేదు. మాటల మేడమ్ వైపూ చూడలేదు. కిటికీ వైపు తల తిప్పాడు.

"నువ్వు... చెప్పు."

ఆవిడ కొంగుని గుప్పిట్లో నలుపుతూ నిలబడింది. పదిరోజులు పొద్దునా సాయంత్రం కూచోబెట్టి ఏ పని కోసం అట్టలు తిప్పిందో, అదే ఇప్పుడు అరచేతిలో పెట్టి ఇస్తున్నారు. ఊ అంటే చాలు. బొంకక్కర్లేదు, దాచక్కర్లేదు, ఎవర్నీ ఏమార్చక్కర్లేదు. మాటల మేడమ్ ఆవిడ పెదాల వైపే చూస్తూ ఉండిపోయింది. ఊ అంటుందనే అనుకుంది. అంటే తప్పు పట్టే హక్కు తనకి లేదని కూడా అనుకుంది.

"ఈయన ఉండాలనే అంత పనీ చేశాను సార్," అంది ఆవిడ చివరికి. "నేను బల్ల మీదికి పంపించిన మనిషికి ఆ రోజే మాట పోయి ఉంటే, ఇందాక అన్న మాట అనేవాడు కాదు. నా గురించి ఈయన మనసులో ఏముందో నాకెప్పటికీ తెలిసేది కాదు. ఊరికే పక్కన కూచుని తినిపిస్తూ ఉండేదాన్ని. ఏం నేరం చేశానో కూడా తెలియకుండా." కొంగు వదిలేసింది. "తెరవద్దు. మందులివ్వండి."

"ఆలోచించుకున్నారా?"

"ఆలోచిస్తే ఇంకోలా చెబుతాను. అందుకే ఇప్పుడే చెబుతున్నాను."

సర్జన్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తలూపాడు. సర్జన్ ఫైలులో రెండు ముక్కలు రాసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

పనేమీ లేకుండా ఆవిడ మంచం దగ్గరికి రావడం ఈ మూడు రోజుల్లో ఇదే మొదటిసారి. కూచోలేదు, కూలబడింది. మాస్టారు ఆవిడ మొహంలోకి చూస్తూ ఏదో అడగడానికి నోరు తెరిచాడు. మాట దొరకలేదు. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. పది సెకన్లు దాటితే మొదటి అక్షరం అందించడం మాటల మేడమ్ ఉద్యోగం. ఆమెకి ఆ అక్షరం తెలుసు కూడా. అయినా అందించలేదు. ఆవిడా తొందరపెట్టలేదు. చెయ్యి పట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు ఆయన నోటి వైపే చూస్తూ కూచుంది.

"భ..." అన్నాడు. "భయమా?"

"భయమే," అంది ఆవిడ.